తండ్రి గుర్తు మూడో గడిలో ఎందుకుంది? వారిక్ ఎర్ల్ రిచర్డ్ నెవిల్ బిరుదులు, వంశం, డాలు

మీ ప్రశ్నలో మూడు చిక్కుముడులున్నాయి. పదిహేనో శతాబ్దపు ఇంగ్లండు ప్రభువు రిచర్డ్ నెవిల్‌ను అందరూ ‘16వ వారిక్ ఎర్ల్’ (ఎర్ల్ అంటే పెద్ద కులీన బిరుదు) అంటున్నప్పుడు ఆయన తండ్రి 15వ వారిక్ ఎర్ల్ కాకుండా సాల్స్‌బరీ ఎర్ల్ ఎలా అయ్యాడన్నది మొదటిది. నెవిల్ వంశపు లాంఛనం ఎర్రని డాలు మీద తెల్లని గుణకారపు గుర్తు అని చదివాక, ఆయన మనుషుల దుస్తుల మీదా జెండాల మీదా ఎలుగుబంటి, కొమ్మలు నరికిన మోటు కర్ర ఎక్కడి నుంచి వచ్చాయన్నది రెండోది. ఆయన డాలు బొమ్మలో అన్ని గడులు ఎందుకున్నాయి, వాటిలో సొంత వంశపు గుర్తు కింది వరుసకు ఎందుకు పోయిందన్నది మూడోది.

మూడింటికీ జవాబు ఒక్కటే. ‘రాజులను నిలబెట్టినవాడు’ అని చరిత్ర పిలిచే ఈ మనిషికి తండ్రి వైపు నుంచి ఒక్క ఎర్ల్ బిరుదు కూడా రాలేదు. వారిక్ బిరుదు భార్య తెచ్చింది, సాల్స్‌బరీ బిరుదు తల్లి తెచ్చింది. ఎలుగుబంటి, మోటు కర్ర కూడా భార్య పుట్టింటివే. అంతెందుకు, నెవిల్ అనే ఇంటిపేరు సైతం ఆ వంశానికి ఒకానొక కాలంలో కోడలిగా వచ్చిన స్త్రీ నుంచే సంక్రమించింది. దీన్ని మనసులో పెట్టుకుని ఆయన డాలును చూస్తే అది ఒక వీరుడి అలంకారంలా కాక, ఏ ఆస్తి ఏ ఇంటి ఆడపడుచు ద్వారా వచ్చిందో చెప్పే దస్తావేజులా కనిపిస్తుంది. పదిహేనో శతాబ్దపు ఇంగ్లండులో చదువు రానివారు కూడా ఆ దస్తావేజును చూసి అర్థం చేసుకునేవారు.

పేర్ల ఉచ్చారణ గురించి ముందే ఒక మాట చెప్పాలి, ఎందుకంటే తెలుగు రాతల్లో ఇది తరచు తడబడుతోంది. వార్విక్ అని అక్షరాలా రాస్తున్నాం గాని అక్కడివాళ్ళు వారిక్ అనే అంటారు. ఆయన అత్తవారి ఇంటిపేరు ఫ్రెంచి వర్ణక్రమంలో ఉన్నా ఇంగ్లండులో దాన్ని బీచమ్ అనే పలుకుతారు. నేను ఆ పలుకుబడినే వాడుతున్నాను.

నెవిల్ వంశం మగ సంతతిని పట్టుకుని వెనక్కి వెళ్తే మనం చేరేది నార్మండీకి కాదు. ఇంగ్లండు ఉత్తర భాగంలోని డరమ్ ప్రాంతానికి చేరతాం. 1131లో స్టెయిన్‌డ్రప్ భూములు పొందిన డాల్ఫిన్ అనే స్థానిక భూస్వామి ఈ వంశానికి మూలపురుషుడు. ఆయన సంతతివాడైన రాబీ ప్రభువు రాబర్ట్ ఫిట్జ్ మెల్‌డ్రెడ్, నెవిల్ వంశపు ఏకైక వారసురాలైన ఇసబెల్‌ను పెళ్ళాడాడు. బ్రాన్స్‌పెత్, షెరిఫ్ హటన్ అనే రెండు పెద్ద ఆస్తులు ఆమెతో వచ్చాయి. వారి కొడుకు జెఫ్రీ తండ్రి పేరు వదిలి తల్లి ఇంటిపేరు పెట్టుకున్నాడు. మన ఇల్లరికపు ఆచారంలో మామగారి ఇంటిపేరు పెట్టుకోవడం కొన్నిచోట్ల ఉంది గనుక తెలుగువారికి ఇది వింతగా తోచనక్కరలేదు. తర్వాతి తరాల్లో రాబర్ట్ నెవిల్ మిడిల్‌హామ్ వారసురాలు మేరీని పెళ్ళాడటంతో యార్క్‌షైర్‌లోని మిడిల్‌హామ్ కోట కూడా ఇదే దారిన వీరి చేతికి వచ్చింది. ఉత్తరాదిలో నెవిల్‌ల బలమంతా ఈ మూడు నాలుగు కోటల చుట్టూనే పెరిగింది.

ఇక మన కథకు అసలు మలుపు రిచర్డ్ తాత రాల్ఫ్ నెవిల్ దగ్గర వస్తుంది. ఈయన 1397లో వెస్ట్‌మోర్లండ్‌కు మొదటి ఎర్ల్ అయ్యాడు. ఇద్దరు భార్యల ద్వారా ఇరవైమందికి పైగా సంతానం. మొదటి భార్య మార్గరెట్ స్టాఫర్డ్ పెద్దకొడుకు వంశానికి వెస్ట్‌మోర్లండ్ బిరుదు వెళ్ళింది. రెండో భార్య జోన్ బోఫర్ట్ మూడో ఎడ్వర్డ్ రాజుకు మనవరాలు. ఆయన కొడుకు జాన్ ఆఫ్ గాంట్ కూతురు. రాల్ఫ్ తన భూముల్లో సింహభాగం, అంటే మిడిల్‌హామ్, షెరిఫ్ హటన్, పెన్రిత్ వంటివన్నీ, ఈ రెండో భార్య పిల్లలకు కట్టబెట్టాడు. బిరుదు ఒక శాఖకు, ఆస్తి మరో శాఖకు దక్కడంతో రెండు శాఖల మధ్య పుట్టిన పగ తరాల తరబడి రగిలింది. జోన్ పెద్దకొడుకే మన రిచర్డ్‌కు తండ్రి. ఆయన పేరు కూడా రిచర్డ్ నెవిలే. జోన్ చిన్నకూతురు సిసిలీ యార్క్ డ్యూక్‌ను పెళ్ళాడి నాలుగో ఎడ్వర్డ్‌కు, మూడో రిచర్డ్‌కు తల్లి అయింది. అంటే వారిక్ ఎర్ల్ 1461లో సింహాసనం ఎక్కించిన నాలుగో ఎడ్వర్డ్ ఆయనకు స్వయానా మేనత్త కొడుకు.

తండ్రి రిచర్డ్‌కు బిరుదు ఎక్కడిది మరి? సాల్స్‌బరీ ఎర్ల్ థామస్ మాంటగ్యూ 1428లో ఓర్లియాన్స్ ముట్టడిలో గాయపడి నవంబరు 3న చనిపోయాడు. ఆయన ఏకైక సంతానం ఆలిస్. తన తాత మరణించిన పంతొమ్మిది రోజులకు, నవంబరు 22న, ఆమె కొడుకుగా మన రిచర్డ్ పుట్టాడు. ఆలిస్ భర్తగా తండ్రి రిచర్డ్ సాల్స్‌బరీ ఎర్ల్ అయ్యాడు. దీన్ని ‘భార్య హక్కున’ వచ్చిన బిరుదు అంటారు. హక్కు భార్యది, పార్లమెంటులో ఆసనం, హోదా భర్తవి.

ఈ తేడా కేవలం న్యాయశాస్త్రపు ముచ్చట కాదని చెప్పడానికి ఒక సంఘటన చాలు. 1459లో కోవెంట్రీలో జరిగిన పార్లమెంటు, ఆరో హెన్రీ రాజును ఎదిరించిన యార్క్ డ్యూక్ పక్షంవారిని రాజద్రోహులుగా ప్రకటించి వారి ఆస్తులు, వారసత్వ హక్కులు రద్దు చేసింది. ఆ జాబితాలో యార్క్ డ్యూక్, సాల్స్‌బరీ, వారిక్‌లతో పాటు ఆలిస్ పేరు కూడా ఉంది. ఒక కులీన స్త్రీని ఇలా శిక్షించడం అరుదు. భర్త ఒక్కడినే శిక్షిస్తే సాల్స్‌బరీ ఆస్తి ఆమె దగ్గరే భద్రంగా ఉండిపోతుందని ఆ చట్టం రాసినవారికి బాగా తెలుసు. మరుసటి సంవత్సరం ఆ శిక్ష రద్దయింది గాని, 1460 డిసెంబరు 30న వేక్‌ఫీల్డ్ యుద్ధంలో తండ్రి ఓడి పట్టుబడ్డాడు, వెంటనే తల నరికేశారు. అయినా సాల్స్‌బరీ భూములు వారిక్‌కు అప్పుడే రాలేదు. 1462లో తల్లి ఆలిస్ మరణించాకనే ఆయన ‘వారిక్, సాల్స్‌బరీ ఎర్ల్’ అయ్యాడు. తండ్రి పోయిన రోజుకూ బిరుదు వచ్చిన రోజుకూ మధ్య ఉన్న ఎడమే ఆ హక్కు ఎవరిదో చెబుతోంది.

వారిక్ బిరుదు కథ ఇంతకంటే చిక్కైనది, నా దృష్టిలో మీ ప్రశ్నకు గుండెకాయ అదే. 13వ వారిక్ ఎర్ల్ రిచర్డ్ బీచమ్ ఆ కాలపు పేరుమోసిన యోధుడు, బాల రాజు ఆరో హెన్రీకి గురువు. ఆయనా సాల్స్‌బరీ ఎర్లూ 1430లలో తమ పిల్లలకు కుండమార్పిడి పెళ్ళిళ్ళు చేశారు. బీచమ్ కొడుకు హెన్రీకి సాల్స్‌బరీ కూతురు సిసిలీని, సాల్స్‌బరీ కొడుకు రిచర్డ్‌కు బీచమ్ కూతురు ఆన్‌ను ఇచ్చారు. పెళ్ళినాటికి నలుగురూ పసివాళ్ళే. ఆ సంబంధంలో లాభమంతా సిసిలీ వైపునే ఉందని అందరూ అనుకుని ఉంటారు, ఎందుకంటే వారసుడు హెన్రీ. ఆన్ కేవలం చెల్లెలు. హెన్రీ 1445లో డ్యూక్ కూడా అయ్యాడు. కానీ 1446 జూన్‌లో ఇరవై ఒక్క ఏళ్ళకే మరణించాడు. ఆయన ఒక్కగానొక్క కూతురు, ఆమె పేరూ ఆన్ అనే, 1449లో ఐదేళ్ళ వయసులో పోయింది. మీరడిగిన ‘15’ అంకె ఈ చిన్నపిల్లది. ఈ వరుసలో 13 తాత, 14 తండ్రి, 15 పాప, 16 మేనత్త ఆన్, ఆమె ద్వారా ఆమె భర్త.

ఇక్కడ మేనత్తలు ఒక్కరు కాదు, నలుగురు. రిచర్డ్ బీచమ్‌కు మొదటి భార్య ద్వారా ముగ్గురు పెద్ద కూతుళ్ళున్నారు: ష్రూస్‌బరీ ఎర్ల్ జాన్ టాల్బట్ భార్య మార్గరెట్, సామర్సెట్ డ్యూక్ ఎడ్మండ్ బోఫర్ట్ భార్య ఎలినార్, లాటిమర్ ప్రభువు జార్జ్ నెవిల్ భార్య ఎలిజబెత్. ఈ లాటిమర్ వారిక్‌కు స్వయానా బాబాయి. తండ్రి ఆస్తి నలుగురు కూతుళ్ళకూ సమానంగా రావాలి కదా అని మనకు తోస్తుంది. కానీ ఆస్తి చివరిసారి తండ్రి చేతిలో లేదు. అది కొడుకు హెన్రీకి, ఆయన నుంచి పాపకు చేరింది. నాటి ఇంగ్లండు న్యాయంలో వారసత్వాన్ని ఆస్తి చివరగా అనుభవించినవారి నుంచి లెక్కించేవారు, సగం రక్తసంబంధాన్ని గుర్తించేవారు కాదు. హెన్రీకి ఒకే తల్లి కడుపున పుట్టిన చెల్లెలు ఆన్ ఒక్కతే. ముగ్గురు సవతి అక్కలూ తండ్రి కూతుళ్ళే అయినా హెన్రీకి పూర్తి రక్తసంబంధులు కారు. కొడుకు తండ్రికంటే ముందే పోయి ఉంటే నలుగురూ పంచుకునేవారు. ఏడేళ్ళు ఎక్కువ బతికినందువల్ల మొత్తం ఒక్కరికే వచ్చింది. అలా 1449 జూలైలో, ఇరవై ఏళ్ళ వయసులో, తండ్రి ఇంకా బతికి ఉండగానే, రిచర్డ్ నెవిల్ వారిక్ ఎర్ల్ అయి ఇంగ్లండులోని అతి సంపన్న ప్రభువుల్లో ఒకడయ్యాడు. సవతి అక్కలూ వారి భర్తలూ ఈ తీర్పును మనస్ఫూర్తిగా ఏనాడూ ఒప్పుకోలేదు.

ఆన్ తల్లి ఇసబెల్ డెస్పెన్సర్ ద్వారా వచ్చిన ఆస్తి ఇంకో తగాదా. వేల్స్‌లోని గ్లామోర్గన్, కార్డిఫ్, ఇంగ్లండులోని ట్యూక్స్‌బరీ అందులోవి. ఇసబెల్‌కు మొదటి పెళ్ళి ద్వారా మరో కూతురుంది. ఆ కూతురి కొడుకు జార్జ్, వారిక్ మరో బాబాయి ఎడ్వర్డ్ నెవిల్‌కు సంతానం. అంటే వారిక్‌కు తమ్ముడి వరస. సగం ఆస్తి ఆ పిల్లవాడికి రావలసి ఉండగా, మైనరు ఆస్తి సంరక్షణ పేరుతో దాన్ని వారిక్ తన చేతిలోనే ఉంచుకున్నాడు. 1453లో రాజు గ్లామోర్గన్ సంరక్షణను సామర్సెట్ డ్యూక్‌కు ఇవ్వడంతో వారిక్ కార్డిఫ్ కోటలో సైన్యాన్ని దింపాడు. సామర్సెట్ ఎవరో గుర్తుంది కదా, ఎలినార్ భర్త, వారసత్వం దక్కని సవతి బావ. అప్పటిదాకా రాజు పక్షాన్నే ఉన్న వారిక్ యార్క్ డ్యూక్ వైపు తిరగడానికి ఈ గొడవే ప్రధాన కారణాల్లో ఒకటి. 1455 మే 22న సెయింట్ ఆల్బన్స్ వీధుల్లో జరిగిన పోరాటంలో సామర్సెట్ హతుడయ్యాడు. ఇంగ్లండు సింహాసనం కోసం ఆ శతాబ్దంలో జరిగిన గులాబీ యుద్ధాలను కేవలం రెండు రాజవంశాల పోరుగా చెప్పే పుస్తకాలు ఈ కుటుంబ ఆస్తి తగాదాలను దాటవేయడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది.

ఇప్పుడు ఆయన ముద్రలో కనిపించే డాలును తీసుకోండి. ముందు దాన్ని నాలుగు పెద్ద గడులుగా చూడండి. చూసేవారికి ఎడమవైపు పైన ఉన్నది మొదటిది, కుడివైపు పైనది రెండోది, ఎడమవైపు కిందది మూడోది, కుడివైపు కిందది నాలుగోది. మొదటి గడికే గౌరవం ఎక్కువ.

ఆ మొదటి గడి బీచమ్‌లది. అందులో మళ్ళీ నాలుగు చిన్న గడులున్నాయి. ఎర్రని నేల మీద అడ్డంగా బంగారు పట్టీ, దాని చుట్టూ ఆరు చిన్న బంగారు శిలువలు ఉన్నది బీచమ్‌ల గుర్తు. దాని పక్కన బంగారు, నీలి రంగుల గళ్ళు, వాటి మీద ఇంటి వాసాల్లా పైకి కలిసే పట్టీ, ఆ పట్టీ నిండా నల్లని మచ్చలున్న తెల్ల బొచ్చు కనిపిస్తాయి. అది న్యూబర్గ్‌ల గుర్తు. 1088లో మొదటి వారిక్ ఎర్ల్ అయిన హెన్రీ వంశం అది. ఆ వంశం నుంచి బిరుదు ఆలిస్ అనే కూతురి ద్వారా మాడుయిట్‌లకు, 1268లో ఇసబెల్ మాడుయిట్ కొడుకు ద్వారా బీచమ్‌లకు చేరింది. అంటే భార్య పుట్టింటివారికి సైతం వారిక్ బిరుదు స్త్రీల ద్వారానే వచ్చింది. ఈ గళ్ళ గుర్తును వదలకుండా ఉంచడమంటే, మేము నిన్నమొన్న వచ్చినవాళ్ళం కాము, మొదటి ఎర్ల్ వారసులం అని చెప్పడమే.

రెండో గడి తల్లిది. తెల్లని నేల మీద నిలువుగా సాగి ఒకదానికొకటి ఆనుకున్న మూడు ఎర్రని వజ్రాకారాలు మాంటగ్యూలవి. బంగారు నేల మీద రెక్కలు చాచిన ఆకుపచ్చ గద్ద మాంథర్మర్‌లది. మాంటగ్యూల ఇంటికి కోడలిగా వచ్చిన మార్గరెట్ మాంథర్మర్ వెంట ఆ గద్ద వచ్చింది.

మూడో గడిలో ఎర్రని నేల మీద తెల్లని గుణకారపు గుర్తు, నెవిల్‌లది, ఉంది. కానీ మీరు చదివిన సాదా గుర్తు కాదు. దాని పైభాగంలో మూడు కాళ్ళు వేలాడే సన్నని పట్టీ ఒకటుంది, దాని మీద తెలుపు, నీలం ముక్కలు వరుసగా మారుతుంటాయి. సాధారణంగా ఇలాంటి పట్టీని తండ్రి బతికి ఉండగా పెద్దకొడుకు వాడి, తండ్రి పోయాక తీసేస్తాడు. ఇక్కడ అలా కాదు. సాదా గుర్తు మీద హక్కు మొదటి భార్య శాఖదైన వెస్ట్‌మోర్లండ్ ఎర్ల్‌లది గనుక, రెండో భార్య శాఖవారు తమ గుర్తుకు ఈ తేడా శాశ్వతంగా పెట్టుకున్నారు. తెలుపు, నీలం ముక్కలు బోఫర్ట్‌ల డాలు అంచు రంగులు. జోన్ బోఫర్ట్ పిల్లలమని, రాజరక్తం మాలో ఉందని ఆ చిన్న పట్టీ చెబుతుంది. గోరంత చోటులో రెండు శాఖల పగ, నాయనమ్మ ఘనత రెండూ ఇమిడాయి. ఆయన డాలు మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

నాలుగో గడి అత్తగారిది. బంగారు నేల మీద మూడు ఎర్రని వాసాలు క్లేర్ వంశానివి. తెలుపు, ఎరుపు నాలుగు పాళ్ళుగా పంచి, ఎర్రని పాళ్ళలో బంగారు జాలీ అల్లి, మొత్తం మీద ఏటవాలుగా నల్లని పట్టీ వేసినది డెస్పెన్సర్‌లది. గ్లామోర్గన్ క్లేర్‌ల రాజ్యం. ఎలినార్ డి క్లేర్ అనే వారసురాలు దాన్ని డెస్పెన్సర్‌లకు తెచ్చింది. సగం మరొకరిదని వివాదం ఉన్న ఆస్తికి సంబంధించిన గుర్తును పూర్తిగా తన డాలు మీద ఉంచుకోవడం వారిక్ ఆలోచించి చేసిన పనే అయి ఉంటుందని నా అభిప్రాయం.

మూడు పెద్ద గడుల్లో నాలుగేసి, నెవిల్ గడిలో ఒకటి, మొత్తం పదమూడు. వాటిలో తండ్రిది ఒక్కటి. ఆస్తిలో, హోదాలో ఏది పెద్దదో దానికి ముందు చోటివ్వడం ఆనాటి పద్ధతి గనుక, నెవిల్ గుర్తు మూడో గడికి పోవడం తండ్రికి అవమానమేమీ కాదు.

ఇక ఎలుగుబంటి సంగతి. డాలు మీది లాంఛనం వేరు, అనుచరులు ధరించే చిహ్నం వేరు. లాంఛనం ప్రభువుది, ఆయన రక్తానిది. దాన్ని నౌకరు ధరించకూడదు. నౌకర్లకు, సైనికులకు, ఓడలకు, తలుపులకు, గిన్నెలకు వేయడానికి తేలికైన మరో గుర్తు ఉండేది. బీచమ్‌లకు అలాంటివి రెండు: నోటికి కళ్ళెం కట్టిన ఎలుగుబంటి, కొమ్మలు కొట్టేసిన మోటు కర్ర. మొదట్లో ఇవి విడివిడిగా వాడినవే, తర్వాత కలిసి ఒకటయ్యాయి. వారిక్ దగ్గర గైస్‌క్లిఫ్‌లో ఉన్న పురోహితుడు జాన్ రౌస్ ఆ ఎర్ల్‌ల వంశావళిని బొమ్మలతో ఒక పొడవాటి చుట్టగా తయారుచేశాడు. అందులో ఆర్త్‌గల్ అనే పూర్వపు ఎర్ల్ నుంచి ఎలుగుబంటి వచ్చిందని రాశాడు. వెల్ష్ భాషలో ఆర్త్ అంటే ఎలుగుబంటి. చెట్టు పెరికి మీదికి వచ్చిన రాక్షసుడిని చంపిన మోర్విడస్ నుంచి కర్ర వచ్చిందని కూడా రాశాడు. ఇవి పురాణగాథలే, చరిత్ర కాదు. కానీ ఆ కుటుంబం తనను తాను ఎలా ఊహించుకుందో తెలుసుకోవడానికి ఆ చుట్టను మించినది లేదు.

ఈ చిహ్నాల వాడకం ఎంత భారీగా ఉండేదో 1437 నాటి ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. రిచర్డ్ బీచమ్ ఫ్రాన్స్‌కు వెళ్ళే ఓడ కోసం 40 గజాల పొడవు, 8 గజాల వెడల్పు గల పతాకాన్ని చేయించారు. దాని మీద పెద్ద ఎలుగుబంటి, గ్రిఫిన్ కలిసి మోటు కర్రను పట్టుకున్నట్టు, మిగతా బట్టంతా చిన్న చిన్న మోటు కర్రలు చల్లినట్టు రంగులతో వేయించారు. గ్రిఫిన్ అంటే గద్ద తల, సింహపు ఒడలు గల కల్పిత జంతువు. వెండి రంగు మోటు కర్రలున్న చిన్న జెండాలు మరో 400 విడిగా ఉన్నాయి. అల్లుడు ఆ సంప్రదాయాన్ని ఇంకా పెంచాడు. 1458లో ఆయన 600 మందితో లండన్‌కు వచ్చాడని, అందరూ ముందూ వెనుకా మోటు కర్రలు కుట్టిన ఎర్రని అంగీలు తొడుక్కున్నారని, ఆయన బస చేసిన ఇంట్లో ఒక్క ఉదయపు భోజనానికే తరచు ఆరు ఎద్దులు ఖర్చయ్యేవని లండన్ చరిత్రకారుడు జాన్ స్టో తర్వాతి కాలంలో రాశాడు. ఆ బస ఉన్న వీధికి వారిక్ లేన్ అనే పేరు ఇప్పటికీ ఉంది. అంగీ మీద మోటు కర్ర ఉన్నవాడికి ఆ ఇంట తిండి దొరుకుతుంది, కష్టంలో ఆ ప్రభువు అండ దొరుకుతుంది. చిహ్నానికి ఉన్న బలం అదీ.

శిరస్త్రాణం మీద పెట్టుకునే బొమ్మలు మరో తరగతి. వారిక్ ముద్రలో బీచమ్‌ల హంస, మాంటగ్యూల గ్రిఫిన్ రెండూ ఉన్నాయి. ఇక్కడ కూడా భార్య, తల్లి.

యుద్ధంలో ఈ గుర్తులు పొరబడితే ఏమవుతుందో ఆయన చావే సాక్ష్యం. అప్పటికి వారిక్ తాను సింహాసనం ఎక్కించిన నాలుగో ఎడ్వర్డ్‌కే ఎదురు తిరిగాడు. 1471 ఏప్రిల్ 14, ఈస్టర్ ఆదివారం ఉదయం, బార్నెట్ దగ్గర దట్టమైన పొగమంచులో యుద్ధం జరిగింది. వారిక్ పక్షాన ఉన్న ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్ మనుషుల చిహ్నం కిరణాలున్న నక్షత్రం. నాలుగో ఎడ్వర్డ్ చిహ్నం కిరణాలున్న సూర్యుడు. ఆక్స్‌ఫర్డ్ దళం శత్రువును తరిమి తిరిగి వస్తుండగా వారిక్ మనుషులు ఆ నక్షత్రాన్ని సూర్యుడనుకుని వారి మీదే బాణాలు వేశారని, ద్రోహం ద్రోహమంటూ ఆక్స్‌ఫర్డ్ సైనికులు పారిపోయారని ఆ కాలపు చరిత్ర రచన అయిన వార్క్‌వర్త్ వృత్తాంతం చెబుతుంది. ఆ రోజే వారిక్, ఆయన తమ్ముడు మాంటగ్యూ మార్క్వెస్ జాన్ హతులయ్యారు. ఇద్దరినీ బిషమ్ మఠంలో, మాంటగ్యూల సమాధుల నడుమ పూడ్చారు. చివరి పడక కూడా తల్లి తరపువారి చోటే.

బిరుదుల అంకెల గురించి క్లుప్తంగా చెబుతాను. ‘16వ వారిక్ ఎర్ల్’, ‘6వ సాల్స్‌బరీ ఎర్ల్’ అనే లెక్క తర్వాతి పండితులు మన సౌలభ్యం కోసం పెట్టుకున్నది. ఆయన కాలంలో ఎవరూ అలా పిలవలేదు. కలే రేవు దళపతి, ఇంగ్లండు మహా ఛాంబర్లెన్, డోవర్ కోట అధిపతి వంటివి రాజు ఇచ్చిన పదవులే గాని వంశపారంపర్య బిరుదులు కావు. ఆ రెంటినీ కలిపి ఒకే జాబితాగా రాయడం తప్పు. ‘కింగ్‌మేకర్’ అన్నది కూడా సమకాలికుల మాట కాదు. స్కాట్లండ్ చరిత్రకారుడు జాన్ మేజర్ 1521లో లాటిన్‌లో ‘రాజుల సృష్టికర్త’ అన్న అర్థంలో రాసినదాని నుంచి ఆ భావం స్థిరపడింది. ఆయన స్వయంగా సంతకంలో నెవిల్ అని రాసేవాడు కాదు, బిరుదునే పేరుగా ‘ఆర్. వారిక్’ అని పెట్టేవాడు. బార్నెట్‌కు మూడు వారాల ముందు, 1471 మార్చి 25న, డెర్బీషైర్‌లోని హెన్రీ వెర్నన్‌కు సాయం కోరుతూ పంపిన ఉత్తరం కింద, గుమాస్తా రాత ముగిసిన చోట, ఆయన సొంత దస్తూరీతో ఈసారి మాత్రం నన్ను నిరాశపరచవద్దు అన్న అర్థం వచ్చే ఒక వాక్యం చేర్చాడు. వెర్నన్ రాలేదు. మరొకరి వంశం నుంచి వచ్చిన బిరుదు ఇరవై రెండేళ్ళలో ఆయన సొంత పేరుగా ఎంతగా కలిసిపోయిందో ఆ సంతకంలో కనిపిస్తుంది.

ఆయన పోయాక ఏమైందన్నది మీరు అడగలేదు గాని, బిరుదు నిజంగా ఎవరిదో తేలేది అక్కడే. ఆయనకు కొడుకులు లేరు. పెద్దకూతురు ఇసబెల్ నాలుగో ఎడ్వర్డ్ రాజు తమ్ముడు క్లారెన్స్ డ్యూక్ జార్జ్ భార్య. చిన్నకూతురు ఆన్ మొదట ఆరో హెన్రీ కొడుకును, తర్వాత రాజు మరో తమ్ముడు గ్లౌస్టర్ డ్యూక్ రిచర్డ్‌ను పెళ్ళాడింది. ఆ రిచర్డే తర్వాత మూడో రిచర్డ్ రాజు. న్యాయం ప్రకారం బీచమ్, డెస్పెన్సర్ ఆస్తులు భర్త మరణంతో కదలకూడదు. అవి విధవరాలు ఆన్ బీచమ్‌వే. ఆమె బ్యూలీ మఠంలో శరణు తీసుకుని, రాయడానికి గుమాస్తాలు లేక తన చేత్తోనే రాజుకు, రాణికి, పార్లమెంటుకు విన్నపాలు రాసుకుంది. అల్లుళ్ళిద్దరికీ ఆస్తి కావాలి. 1474లో పార్లమెంటు ఆమె సహజంగా మరణించినట్టే భావించి ఆస్తిని కూతుళ్ళకు పంచాలని చట్టం చేసింది. బతికి ఉన్న మనిషిని చట్టం చంపేసింది. వారిక్‌ను రాజద్రోహిగా ప్రకటించి ఆస్తి జప్తు చేస్తే అది రాజు దయాదాక్షిణ్యంగా మారుతుంది. వారసత్వంగా వస్తే గట్టి హక్కు. అందుకే అల్లుళ్ళు ఆ ప్రకటన జరగనివ్వలేదు. మగ సంతతికే చెందేలా కట్టుదిట్టం చేసిన నెవిల్ భూములు కూతుళ్ళకు రాకూడదు. తమ్ముడు జాన్ కొడుకు జార్జ్‌కు వెళ్ళాలి. వాటికోసం 1475లో మరో చట్టం చేశారు. ఆన్ మాత్రం ఇద్దరు కూతుళ్ళూ, ఇద్దరు అల్లుళ్ళూ పోయాక కూడా బతికింది. 1487లో ఏడో హెన్రీ ఆస్తిని ఆమెకు తిరిగి ఇప్పించి, వెంటనే చాలా భాగం తనకే రాయించుకున్నాడు. ఆమె 1492లో కన్నుమూసింది.

మీరు ఎప్పుడైనా ఇంగ్లండు వెళ్తే వారిక్ పట్టణంలోని సెయింట్ మేరీ చర్చిలో బీచమ్ చాపెల్ అనే చిన్న ప్రార్థనా మందిరం తప్పక చూడండి. నేను అక్కడ ఎన్నోసార్లు గంటల తరబడి నిలబడ్డాను. నడిమధ్యన రిచర్డ్ బీచమ్ బంగారు పూత కంచు విగ్రహం పడుకుని ఉంటుంది. తల కింద హంస శిఖ గల శిరస్త్రాణం, పాదాల దగ్గర కళ్ళెం కట్టిన ఎలుగుబంటి, గ్రిఫిన్. చేతులు రెండూ దేవుడికి జోడించినట్టు కాక కాస్త ఎడంగా పైకి ఎత్తి ఉంటాయి, వాటి మీది నరాలు కూడా పోతపోసిన శిల్పి చూపించాడు. రాతి పీఠం చుట్టూ గూళ్ళలో పద్నాలుగు చిన్న దుఃఖితుల బొమ్మలు, ఏడుగురు పురుషులు, ఏడుగురు స్త్రీలు. ఒక్కొక్కరి కింద ఎనామిల్ పూత డాలు. ఆ డాళ్ళను చదువుతూ చుట్టూ తిరిగితే ఆ కుటుంబ తగాదా మొత్తం అక్కడే కొలువు తీరి ఉంది: హెన్రీ, సాల్స్‌బరీ, ఆలిస్, మార్గరెట్, టాల్బట్, ఎలినార్, సామర్సెట్, లాటిమర్, ఎలిజబెత్, ఆన్, ఆమె భర్త రిచర్డ్ నెవిల్. ఆస్తి దక్కినవారూ దక్కనివారూ ఒకే సమాధి చుట్టూ తలలు వంచి నిలబడ్డారు. బిషమ్ మఠం తర్వాతి కాలంలో నాశనమైంది గనుక, ఆయన కాలంలోనే చేసిన వారిక్ ఎర్ల్ రూపం చూడాలంటే ఈ చిన్న బొమ్మ దగ్గరికే రావాలి.

అదే గదిలో కొంచెం పక్కగా చూడవలసిన మరో రెండు సమాధులున్నాయి. 1588లో చనిపోయిన లెస్టర్ ఎర్ల్ రాబర్ట్ డడ్లీది ఒకటి, ఆయన అన్న వారిక్ ఎర్ల్ ఆంబ్రోజ్ డడ్లీది మరొకటి. వారిద్దరూ ఎలుగుబంటిని, మోటు కర్రను తమ చిహ్నంగా పెట్టుకున్నారు. ఏ హక్కుతో అంటే, 1547లో వారిక్ బిరుదు మళ్ళీ సంపాదించిన వారి తండ్రి జాన్ డడ్లీ, 1449లో వారసత్వం దక్కని సవతి అక్క మార్గరెట్‌కు మునిమనవరాలి కొడుకు.